బావగారు అడిగిన ఎలకల సంగతి

దంత వైద్యశాల,
సోమవారం

చిరంజీవి మరదలికి,

బావ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ, మీ అక్కా, దవడలు పట్టుకుని బెంచీ మీద కూర్చున్న పదకొండు మందీ. అక్కడ నువ్వూ నీ ఎలకలూ బాగున్నారని తలుస్తాను.

ఒక విషయం కనుక్కుందామని రాస్తున్నాను. మీ కాలేజీ లేబులో మత్తుసూది మందుని ఎలకల నెత్తుట్లోకి ఎక్కించి నొప్పులు తగ్గిస్తున్నారని మీ అక్క చెప్పింది. నేను రోజూ చిగుళ్లలో పొడిచే మందూ అదేనట. ముప్పై ఒక్క ఏళ్లుగా పొడుస్తున్నాను. పొడిచిన చోటే మొద్దుబారుతుంది, గంటన్నరకి దిగిపోతుంది, ఈలోగా పేషెంటు తన పెదవి తనే కొరుక్కుని తప్పు నాదంటాడు. నాకు తెలిసింది ఇంతే. మరి నెత్తుట్లో కలిపితే ఒళ్లంతా మొద్దుబారాలి కదా? ఎలక ఎలా నడుస్తుంది? నొప్పి ఒక్కటే ఎలా పోతుంది? పోయిందని ఎలక ఎలా చెబుతుంది?

వివరంగా రాయి. డాక్టరుకి రాసినట్టు రాయకు, మామూలు మనిషికి రాసినట్టు రాయి. డాక్టర్లు డాక్టర్లకి చెప్పుకునేది పక్కన కూర్చున్న మనిషికి ఒక్క ముక్క ఎక్కదు.

ఇట్లు,
మీ బావ

తా.క.: మీ అక్కకి ఎలా ఉందని అడుగుతావు. సర్పి పొక్కులు మాని ఎనిమిది నెలలైంది. డొక్కలో మంట పోలేదంటుంది. తగ్గిపోతుందిలే అంటున్నాను. ఎనిమిది నెలలుగా రోజూ అంటున్నాను.

&nbsp;

ఫార్మకాలజీ లేబు,
శుక్రవారం

బావగారికి,

మరదలి నమస్కారాలు. ఇరవై ఆరేళ్లలో మీరు నాకు ఒక్క చీటీ రాశారు, 'జ్ఞానదంతం తీయించుకో' అని. ఇప్పుడు ఏకంగా ఉత్తరం, అదీ టైపు చేయించి. ఎవరికేమైందోనని కిందినుంచి పైకి చదివాను.

మీరడిగినవి మూడేళ్లుగా నన్ను ఎవరూ అడగలేదండీ. మా హెడ్డుగారు కూడా "ఇంకో ఇరవై ఎలకలు చెయ్యండి" అంటారే తప్ప ఏం కనిపించిందని అడగరు. ఆయన అలా అన్నప్పుడల్లా నాకు కుర్చీలోంచి లేవబుద్ధి కాదు. అడిగారు కాబట్టి వినండి.

కిటికీ లేని గది. తీగజాలీ పరిచిన బల్ల. జాలీ మీద గాజు డబ్బాలో ఎలక. నేను బల్ల కింద మెడ వంచుకుని కూర్చుంటాను. నా చేతిలో ఒక పుల్ల, పుల్ల చివర నైలాను వెంట్రుక. దాంతో కిందినుంచి ఎలక అరికాలు తాకిస్తాను. మామూలు ఎలక లక్ష్యపెట్టదు. కాలి నరానికి ముడిపడిన ఎలక మాత్రం నిప్పు తగిలినట్టు కాలు లాక్కుంటుంది. ఆ ముడి వేసేది నేనే, మత్తిచ్చి. పాపం ఎవరిదని అడక్కండి. కోసిన గాయం ఎప్పుడో మానిపోతుంది, మంట మాత్రం ఉండిపోతుంది. దెబ్బతిన్న నరం పనున్నా లేకపోయినా మంట మంట అని మెదడుకి కబురు పంపుతూనే ఉంటుంది.

అక్కడికి మీ మందు వెళుతుంది. చాలా తక్కువ, చాలా మెల్లగా. చిగురు మొద్దుబారడానికి ఏ మూలకీ సరిపోదు. ఆ కాస్తకే ఆ పిచ్చినరం నోరు మూస్తుంది. మంచి నరాలు వాటి పని అవి చేసుకుంటాయి, తోక నొక్కితే ఎలక నా వేలు కరవబోతుంది. వెంట్రుక తగిలితే మాత్రం ఊరుకుంటుంది. మందు నెత్తుట్లోంచి పోయాక కూడా కొన్నిటికి రోజుల తరబడి ఆ సుఖం ఉంటుంది. ఎందుకో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదు.

ఏ ఎలకకి మందెక్కిందో, ఏ ఎలకకి ఉత్త ఉప్పునీళ్లెక్కాయో నాకు చెప్పరు. ఎలకల గది చూసుకునే ముసలాయన దగ్గర ఆ చీటీ ఉంటుంది. ఆయన్ని మేం ఎలకల తాత అంటాం. నాకు తెలిస్తే, తగ్గాలని ఆశపడి, తగ్గినట్టే చూస్తానట.

ఉంటాను,
మీ మరదలు

తా.క.: ఇది అక్కకి చూపించకండి. చదివితే ఎలకకి ఉన్నదే నాకూ ఉందంటుంది. మీకు తెలీనిదేముంది, గోరంతని కొండంత చేయడం చిన్నప్పట్నుంచీ దానికి అలవాటు.

&nbsp;

దంత వైద్యశాల,
గురువారం

చిరంజీవి మరదలికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. మీ అక్కకి నేను చూపించలేదు. చూపించాల్సిన అవసరం రాలేదు, రాదు.

గోరంత, కొండంత అన్నావు. మీ అక్క కుడి డొక్కకి బట్ట తగలకుండా రెండు వేళ్లతో ఎత్తిపట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది. ఫ్యాను గాలి తగిలినా ఓర్చుకోలేదు. చూసేవాళ్లకి నాలుగు మచ్చలు తప్ప ఏమీ కనిపించదు. కనిపించని దానికి మనిషి ఎన్నాళ్లని మూలుగుతుంది? సిగ్గేసి మానేసింది. మానేసింది కాబట్టి తగ్గిందనుకున్నారు. అంటే, నేనే అనుకున్నాను. ఈ ఇంట్లో ఇంకెవరున్నారు అనుకోడానికి?

నువ్వు రాసిన ఆ ఎలక గురించి అడుగుతున్నాను. మందెక్కాక ఆ కాలు తనంతట తనే కింద పెడుతుందా? నువ్వు పెట్టిస్తావా? మొదటిసారి పెట్టినప్పుడు దానికి నమ్మకం కుదురుతుందా?

నోరు లేని ఎలక మాట బల్ల కిందినుంచి కనిపెట్టగలిగినదానివి, నోరున్న అక్క మాట ఎందుకు నమ్మవో కూడా వీలైతే రాయి.

ఇట్లు,
మీ బావ

తా.క.: నేను మొద్దుని. నా అంతట నేనే ఒప్పుకుంటున్నాను కాబట్టి మర్యాదకి కాదనక్కర్లేదు.

&nbsp;

ఫార్మకాలజీ లేబు,
బుధవారం

బావగారికి,

నమస్కారాలు. కోప్పడకండి. రెండు వేళ్లతో బట్ట ఎత్తిపట్టుకోవడం మీరు గమనించారా? అక్క నడుం దాకా ఉన్న జుట్టు మెడ వరకూ కత్తిరించుకుంటే నాలుగు నెలల తర్వాత "తలనొప్పా?" అని అడిగిన మనిషి మీరేనా?

అడిగినవాటికి జవాబు. కాలు తనంతట తనే పెడుతుంది. ముందు వేళ్లు ఆనిస్తుంది, తీసేస్తుంది. మళ్లీ ఆనిస్తుంది. కాసేపటికి మరిచిపోయి రెండు కాళ్ల మీదా లేచి నిలబడి డబ్బా మూత వాసన చూస్తుంది. అది చూసినప్పుడు మాత్రం నా మెడనొప్పి నాకు గుర్తుండదు. నమ్మకం సంగతి దాన్నే అడగాలి.

అక్క మాట నమ్మనని కాదు. ఒక్కటి చెబుతాను, మన మధ్యే ఉండనివ్వండి. నాకు ఏడేళ్లప్పుడు అక్కని కందిరీగ కుట్టింది. ఒక్కటంటే ఒక్క కందిరీగ. మూడ్రోజులు మంచం దిగలేదు. ఆ మూడ్రోజులూ అంట్లు నేను తోమాను. అప్పట్నుంచీ అది అబ్బా అంటే నా చేతులు ముందు అంట్లవైపు చూస్తాయి.

ఒక హెచ్చరిక. ఈ మందుకి మేలు చేసే పాళ్లకీ, కీడు చేసే పాళ్లకీ పెద్ద దూరం లేదు. కాస్త ఎక్కువైతే ఎలకకి ఫిట్సు వస్తాయి. ఇంకాస్త ఎక్కువైతే గుండె ఆగుతుంది. ఆగడం నేను చూశాను.

ఉంటాను,
మీ మరదలు

తా.క.: మీరు ఊరికే తెలుసుకుందామనే అడుగుతున్నారు కదా? అవునని ఒక్క ముక్క రాయండి చాలు.

&nbsp;

దంత వైద్యశాల,
మంగళవారం

చిరంజీవి మరదలికి,

ఆశీస్సులు. కుట్టింది ఒక కందిరీగ కాదు, మూడు. తుట్టెని కర్రతో కదిపింది నువ్వు. కదిపి పారిపోయింది కూడా నువ్వే. నిన్ను వెనక్కి లాగబోయి మీ అక్క మధ్యలో దొరికింది. నీ మీద చెప్పకుండా మూడ్రోజులూ నోరు మూసుకుంది. నాకెలా తెలుసంటావా? మీ అక్క నిద్రలో చెప్పింది. నిద్ర పడితే.

ఫిట్సు, గుండె అని భయపెట్టావు. మంచిదే. అయితే ఆ పాళ్లు ఎంతో రాయలేదు. కిలో బరువుకి ఎంత, ఎన్ని నిమిషాల్లో ఎక్కించాలి, ఏ రక్తనాళంలోంచి? క్లినిక్కు బీరువాలో ఆ మందు సీసాలు రెండు వరసలున్నాయి. తాళంచెవి చేతికందే చోటే ఉంటుంది.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఎలక లెక్కన అరవై ఆరు కిలోల మనిషికి ఎంతవుతుందో కూడా రాయి. మీ అక్క గురించి కాదు. మీ అక్క అరవై కిలోలే ఉంటుంది.

&nbsp;

ఫార్మకాలజీ లేబు,
శుక్రవారం, ఎలకల్ని పక్కన పెట్టి

బావగారూ,

నమస్కారాలు తర్వాత. ముందు ఆ బీరువాకి తాళం వెయ్యండి!

నేను లెక్క రాయను. చంపినా రాయను. మీ సీసాల్లో చిగుళ్ల కోసం గుండెని పరుగెత్తించే ఇంకో మందు కూడా కలిపి ఉంటుంది, మీకు తెలీదా? ఎలకకి ఎక్కించేటప్పుడే మేం మిషనులో దాని గుండె గీత మీద కన్ను పెట్టి కూర్చుంటాం. ఇంట్లో మంచం మీద అక్కని పడుకోబెట్టి, దంతాల సూదితో...

ఇంతకీ మీకీ తొందరేమిటి? పెద్దాసుపత్రిలో నొప్పుల విభాగం ఉంది. అక్కడ ఈ మందునే సీసాలో వేలాడదీసి, గంటసేపు బొట్టుబొట్టుగా, మిషను తగిలించి, డాక్టరు పక్కన నిలబడి ఎక్కిస్తారు. అందరికీ పనిచేయదు. కొందరికి చేస్తుంది. అక్కని అక్కడికి తీసుకెళ్లండి. మీరు తీసుకెళ్లకపోతే మీ దంతవైద్యుల సంఘానికి నేనే రాస్తాను, వావివరసలు చూడను.

మీ మరదలు

తా.క.: ఒక్కమాట అడుగుతాను. ఇన్నేళ్లు లేనిది ఇప్పుడు అక్క మీద ఇంత ప్రేమ, మీ మీద మీకు ఇంత నింద. ఏం చేశారు మీరు?

&nbsp;

దంత వైద్యశాల,
గురువారం

చిరంజీవి మరదలికి,

ఆశీస్సులు. కంగారు పడకు. సీసాల జోలికి ఎవరూ వెళ్లరు. సూదంటే మీ అక్కకి ఎంత భయమో నీకు తెలుసు. ఊరికే లెక్క తెలుసుకుందామనిపించింది. ఎలక కాలు ఎన్నిసార్లు ఎత్తిందో కూర్చుని లెక్కపెట్టే మనిషి ఒకరున్నారు కదా, మనిషికి ఆ మాత్రం లెక్కయినా ఉండాలనిపించింది.

పెద్దాసుపత్రికి వెళ్లమన్నావు. వెళ్లాలంటే ముందు మా ఆయxxxxx నాకు తీరిక ఉండాలి. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే ఊళ్లోవాళ్ల నోళ్లన్నీ చూసి రాత్రికి ఇల్లు చేరి, అన్నం తిని పడుకుంటాxxx పడుకుంటాను. ఆ టైములో ఎవరైనా డొక్క మాట ఎత్తితే ఎంత విసుగ్గా ఉంటుందో ఊహించు. అందుకని మీ అక్క ఎత్తదు.

అలిసిపోయాను. అంటే మీ అక్క అలిసిపోయింది. తనని చూసి నేను.

ఇట్లు,
మీ బావ

తా.క.: మందెక్కే ఎలకలూ, ఉప్పునీళ్లెక్కే ఎలకలూ అని రెండు రకాలు చెప్పావు. ఇక్కడ మీ అక్కకి రోజుకి మూడు పూటలా 'తగ్గిపోతుందిలే' ఎక్కుతోంది. అది ఏ రకంలోకి వస్తుందో ఎలకల తాతని అడిగి రాయి.

&nbsp;

రిజిస్టరు పోస్టు
డాక్టరుగారి స్వహస్తాలకు మాత్రమే

బావగారికి,

ఇది మీ చేతికి తప్ప ఇంకో చేతికి అందకూడదని రిజిస్టరు చేశాను. సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పండి.

ఎవరావిడ?

మీ ఉత్తరంలో 'మా ఆయ' అని కొట్టి, దాని మీద అయిదు ఇంటూలు కొట్టి ఉంది. నాకు కళ్లు కనిపించవనుకున్నారా? పొద్దస్తమానం వెంట్రుక కదలిక చూసే కళ్లివి. మీ క్లినిక్కులో టైపు చేసే అమ్మాయి మిమ్మల్ని 'మా ఆయన' అంటోందన్నమాట! ఇప్పుడు నాకన్నీ అర్థమవుతున్నాయి. ఉన్నట్టుండి అక్క మీద పుట్టుకొచ్చిన ఈ దయ, 'నేను మొద్దుని' అనే ఈ పశ్చాత్తాపం, బీరువా సీసాలు, అరవై ఆరు కిలోలు! దేవుడా, అరవై ఆరు ఎవరు? ఆవిడా?

అక్కకి ఇంకా ఒక్క ముక్క చెప్పలేదు. ముందు మీరు చెప్పండి. వారంలో జవాబు రాకపోతే నా ఎలకలు ఏమైపోయినా సరే బస్సెక్కుతాను.

(ఇక మీ మరదలినని రాయాలో వద్దో తెలియని)
నేను

తా.క.: కందిరీగలు మూడని నాకు ఇన్నేళ్లూ తెలీదు. ఆ సంగతి అక్క నాకెప్పుడూ చెప్పలేదు. అది వేరే సంగతి, కానీ రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదు.

&nbsp;

దంత వైద్యశాల,
ఆదివారం, సెలవు

అమ్మాయీ,

నా రాత అర్థం కాకపోతే మందులషాపువాడికి చూపించు, వాడికి అలవాటే.

ఎలకల గురించి నేను నీకు ఒక్క ఉత్తరం కూడా రాయలేదు. ఇదే మొదటిది.

నీ రిజిస్టరు నా చేతికే వచ్చింది. పోస్టుమాన్ దగ్గర సంతకం పెట్టి, బెంచీ మీది పేషెంట్ల మధ్యే నిలబడి చదివాను. 'ఎవరావిడ' దగ్గర పైకే చదివేసినట్టున్నాను, పన్ను పీకించుకోవడానికి వచ్చిన పెద్దాయన నొప్పి మరిచిపోయి నావంకే చూశాడు. ఆవిడెవరూ లేరు, బస్సెక్కకు, వివరంగా రాస్తాను అని ఆ పూటే నీకు టెలిగ్రాం ఇచ్చాను.

టైపు అమ్మాయికి వేరే ఉద్యోగం వచ్చి మూడు నెలలైంది. అప్పట్నుంచి టైపు చేస్తున్నది మీ అక్క. కుర్చీలో నిటారుగా, చేతులు ముందుకి చాపి కూర్చుంటే డొక్కకి బట్ట తగలదట. అదీ నాకు తర్వాతే తెలిసింది. సాయంత్రం ఒక కట్ట నా ముందు పెడుతుంది, నేను చదవకుండా సంతకాలు గీకుతాను. నీకు రాసిన మొదటి ఉత్తరం అలాగే వెళ్లింది.

రెండోది సంతకం పెడుతుండగా, పెన్ను పక్కనే 'నేను మొద్దుని' అని కనిపించింది. దానికి పైనే నా పేరు మీద సంతకం పెట్టాలి. అలాంటి కాగితం ఎవడైనా చదవకుండా ఉంటాడా? పైనుంచి చదివాను. బట్ట ఎత్తిపట్టుకోవడం, ఫ్యాను, సిగ్గేసి మూలగడం మానేయడం. ఎనిమిది నెలలు నా ఎదురుగా జరిగినదాన్ని నా ఉత్తరంలోనే నేను మొదటిసారి చదివాను. అబద్ధం ఒక్కటీ లేదు. అందుకని సంతకం పెట్టాను.

ఆ మర్నాడే సామాను కొనాలని చెప్పి పెద్దాసుపత్రికి వెళ్లి, నొప్పుల విభాగంలో మీ అక్క పేరు రాయించాను. ఆరు వారాల తర్వాత రమ్మన్నారు. ఇంటికొచ్చి చెబుదామనుకున్నాను. "డొక్క ఎలా ఉంది?" అన్నాను. "ఏం లేదు" అంది. నా ఎదురుగా ఏం లేదు, నీకు మాత్రం రెండేసి పేజీలు! చెప్పేశానంటే ఆ ఉత్తరాలు ఆగిపోతాయి, మళ్లీ ఏం లేదు దగ్గరికే వస్తాం అనిపించింది. అందుకని మాట్లాడకుండా ప్రతిదీ చదివి సంతకం పెట్టాను. నువ్వు రాసేవి మీ అక్క ఫైల్లో దాచేది, అవీ చదివాను. సీసాల ఉత్తరం చదివినరోజు మాత్రం భోజనానికి కూడా ఆగకుండా బీరువా తాళం మార్పించాను.

నీ రిజిస్టరు వచ్చినరోజు సాయంత్రం దాన్ని మీ అక్క ముందు పెట్టాను. చదివింది. నవ్వింది. నవ్వితే డొక్క కదిలి మంటెత్తి ఏడ్చింది. "అన్నీ చదివారా?" అంది. "మొద్దు దగ్గర్నుంచి" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు ఆసుపత్రి తారీఖు. తనే ముందుగా బయల్దేరింది.

మిషను తగిలించారు, గంటంబావు బొట్టుబొట్టుగా ఎక్కించారు. నాలిక తిమ్మిరిగా ఉందంది, డాక్టరు కాస్త తగ్గించాడు. నేను గుండె గీత మీంచి కన్ను తీయలేదు. నువ్వు రాసినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అయ్యాక మీ అక్క లేచి బట్ట సర్దుకుంది. సర్దుకుని, చెయ్యి అక్కడే ఉంచేసింది. అరచేత్తో డొక్క మొత్తం తడుముకుంది.

పన్నెండు రోజులు బాగుంది. పదమూడోనాటి నుంచి మంట మెల్లగా మొదలైంది, ఇదివరకటిలో సగం. వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు. పూర్తిగా పోతుందని డాక్టరు అనలేదు, నేనూ అనడం మానేశాను. సాయంత్రం క్లినిక్కు గంట ముందు కట్టేస్తున్నాను.

నీ బావ

తా.క.: ఈ కింది ఖాళీ వదిలిపెట్టమని మీ అక్క ఆర్డరు. అందులో ఏం రాస్తుందో నేను చదవకూడదట.

చిట్టీ,

నేనే. ఎందుకు అలా చేశావంటావా? నీకు నా పేరుతో మూడుసార్లు రాశాను. మూడుసార్లూ 'ధైర్యంగా ఉండు, విశ్రాంతి తీసుకో' అని జవాబిచ్చావు. మీ బావ పేరుతో రాశాను, నరం ఎలా అరుస్తుందో పేజీ నిండా చెప్పావు. నాకు కావలసింది అదే. ఒంట్లో ఏం జరుగుతోందో తెలిస్తే, పిచ్చెక్కింది నాకు కాదు, నరానికి అని తెలుస్తుంది కదా. ఆ రాత్రి కాస్త పడుకున్నాను.

అంట్ల సంగతి క్షమించేశాను. అరవై ఆరు కిలోల ఆడదాని సంగతి మాత్రం నువ్వు వచ్చినప్పుడు తేల్చుకుందాం.

ఆసుపత్రి నుంచి వస్తుంటే బస్సులో కుడివైపుకి, మీ బావ భుజం మీదికి, వాలి నిద్రపోయాను. దిగాల్సిన చోటు దాటి చివరిదాకా వెళ్లిపోయాం. లేపలేదేం అంటే "బాగా పట్టిందిగా" అన్నారు. అంతసేపూ చెయ్యి కదపలేదట. మర్నాటికి కూడా ఆ చెయ్యి పైకి లేవలేదు. వచ్చినవాళ్లందరి పళ్లూ బతికిపోయాయి. ఆ తిమ్మిరికి మీ లేబులో ఏదైనా ఉంటే రాయి, ఈసారి నా పేరుకే రాయి.

అక్క